మీ వీధిలో గాలిని పాడుచేస్తున్నది ఏంటో పట్టుకోవడం ఎలా, తగ్గించడం ఎలా

ఫోన్‌లో ఏక్యూఐ (గాలి ఎంత పాడైందో చెప్పే సూచీ) 160 అని చూసి "అయిపోయింది, హైదరాబాద్ కూడా ఢిల్లీ అవుతుంది" అని స్టేటస్ పెట్టడం వరకు అందరం చేస్తాం, ఆ తర్వాత ఏం చేయాలో మాత్రం ఎవరికీ తెలీదు, ఎందుకంటే ఆ నంబర్ ఊరి మొత్తానిది, మీ వీధిది కాదు. పటాన్‌చెరు, బొల్లారం వైపు ఉన్నోళ్ల గొడవ ఫ్యాక్టరీలు, కోకాపేట నార్సింగి వైపు గొడవ బిల్డింగులు, రాళ్లు పగలగొట్టడం, మలక్‌పేట దగ్గరైతే ట్రాఫిక్, జవహర్‌నగర్ చుట్టుపక్కలోళ్లకి డంప్‌యార్డ్. అందరికీ ఒకే మందు అంటే కుదరదు కదా. ముందు మీ దగ్గర ఏది కాలుతుందో, ఏది రేగుతుందో తెలియాలి. దానికి పెద్ద సైంటిస్టులు అక్కర్లేదు, ఒక నోట్‌బుక్, ఒక ఫోన్, ఇంటి ఎదురుగా కాకుండా కొంచెం దూరంలో ఉండే ఇద్దరు ముగ్గురు ఫ్రెండ్స్ చాలు. నేను హైదరాబాద్ లెక్కలోనే చెప్తున్నా, విజయవాడ, వైజాగ్ వాళ్లకి తేడా ఉన్న చోట విడిగా చెప్తా.

స్టెప్ 1: నంబర్ చదవడం నేర్చుకోండి

మన ఇండియా ఏక్యూఐలో 0 నుంచి 50 బాగున్నట్టు, 100 వరకు పర్లేదు, 200 వరకు మధ్యస్థం, 300 వరకు పూర్, 400 వరకు వెరీ పూర్, ఆ పైన సివియర్. ఎనిమిది రకాల కాలుష్యాల్లో ఏది ఎక్కువుంటే దాని నంబరే ఏక్యూఐగా వేస్తారు, అన్నీ కలిపి తీసిన సగటు కాదు. మన ఊళ్లలో చాలా రోజులు ఆ ఎక్కువుండేది పీఎం 2.5 గానీ పీఎం 10 గానీ అవుతుంది. పీఎం 2.5 అంటే రెండున్నర మైక్రాన్లకంటే చిన్న కణాలు, మన వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు, ఊపిరితిత్తుల అడుగుదాకా పోతాయి, అక్కడి నుంచి రక్తంలోకి కూడా. పీఎం 10 అంటే పది మైక్రాన్ల లోపు కణాలు.

ఇక్కడ రెండు చోట్ల జనం పప్పులో కాలేస్తారు. ఒకటి, ప్రైవేట్ యాప్‌లు చాలావరకు అమెరికా స్కేల్ చూపిస్తాయి. పీఎం 2.5 క్యూబిక్ మీటర్‌కి 60 మైక్రోగ్రాములు ఉందనుకోండి, మన స్కేల్‌లో అది సరిగ్గా 100, అంటే "పర్లేదు", అదే గాలి అమెరికా స్కేల్‌లో 150 దాటేస్తుంది. వాట్సాప్ గ్రూపుల్లో సగం కొట్లాటలు దీని గురించే, ఇద్దరూ కరెక్టే, ఇద్దరూ వేరే స్కేల్ చూస్తున్నారు అంతే. రెండోది, అఫీషియల్ ఏక్యూఐ 24 గంటల సగటు మీద వస్తుంది, అంటే పొద్దున 9కి మీరు చూసే నంబర్‌లో నిన్న సాయంత్రం ట్రాఫిక్, రాత్రి పొగ అన్నీ కలిసి ఉంటాయి. సోర్స్ పట్టుకోవడానికి అది పనికిరాదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సైట్‌లో స్టేషన్ వారీగా గంట గంటకీ మైక్రోగ్రాముల లెక్క ఉంటుంది, అది తీస్కోండి. సనత్‌నగర్, జూ పార్క్, సోమాజిగూడ, న్యూ మలక్‌పేట, నాచారం, కొంపల్లి, కోకాపేట, బొల్లారం, పాశమైలారం, ఇక్రిశాట్, సెంట్రల్ యూనివర్సిటీ... ఇలా చాలా చోట్ల స్టేషన్లు ఉన్నాయి, మీకు దగ్గరిది చూస్కోండి. మొబైల్‌లో అయితే సమీర్ యాప్.

లిమిట్స్ కూడా ఒకసారి రాసి పెట్టుకోండి, ఇవి ఏక్యూఐ నంబర్లు కాదు, క్యూబిక్ మీటర్‌కి మైక్రోగ్రాములు: మన దేశంలో పీఎం 2.5 కి రోజు సగటు 60, ఏడాది సగటు 40. పీఎం 10 కి రోజుకి 100, ఏడాదికి 60. డబ్ల్యూహెచ్ఓ 2021లో చెప్పింది పీఎం 2.5 ఏడాదికి 5 మాత్రమే, రోజుకి 15. కాబట్టి "లిమిట్‌లోనే ఉంది" అని ఎవరైనా అంటే ఎవరి లిమిట్‌లో అని అడగండి.

మీటర్ కొనుక్కోవాలా అంటే, తప్పనిసరి కాదు. కొన్ని వేలల్లో లేజర్ సెన్సర్ మీటర్లు దొరుకుతున్నాయి, ఎక్కువ తక్కువలు చూడటానికి బాగానే పనికొస్తాయి గానీ కరెక్ట్ నంబర్ కోసం నమ్మొద్దు. ముఖ్యంగా డిసెంబర్, జనవరిలో పొద్దున మంచు పట్టినప్పుడు తేమ బిందువుల్ని కూడా దుమ్ము అనుకుని ఎక్కువ చూపిస్తాయి. కొంటే ముందు దాన్ని గవర్నమెంట్ స్టేషన్ దగ్గరికి తీస్కెళ్లి ఒక గంట పెట్టి, రెండిటికీ ఎంత తేడా వస్తుందో చూస్కోండి.

స్టెప్ 2: గడియారం పట్టుకోండి

ఒక వారం పాటు, వీలైతే చలికాలంలో, పొగ వాసన వచ్చినా గాలి బరువుగా అనిపించినా టైం రాయండి. ఏం వాసన, ఎంతసేపు, కిటికీ ఏ వైపు. అంతే, వ్యాసాలు రాయక్కర్లేదు. వారం అయ్యాక చూస్తే మీకే అర్థమైపోతుంది.

పొద్దున 5 నుంచి 7 మధ్య వచ్చిందంటే ముందు అనుమానం ఆకులు, చెత్త తగలబెట్టడం మీద, లేకపోతే టిఫిన్ సెంటర్ కట్టెల పొయ్యి అంటించే టైం. 8 నుంచి 11, మళ్లీ సాయంత్రం 6 నుంచి 10 అయితే బండ్లు. ఆ టైంలో స్టేషన్ డేటాలో నైట్రోజన్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్ కూడా పైకి లేస్తే ఇంక డౌటే లేదు. అర్ధరాత్రి దాటాక వస్తే లారీలు, ఫ్యాక్టరీ చిమ్నీలు, రాత్రిపూట డెబ్రిస్ పోసి పోయే టిప్పర్లు, కాపర్ కోసం వైర్లు కాల్చేవాళ్లు. మధ్యాహ్నం ఎండలో ఓజోన్ పెరిగిందంటే అది ఎక్కడో ఒక చోట నుంచి రాదు, బండ్ల పొగ, సాల్వెంట్ల (కరిగించడానికి వాడే రసాయనాల) ఆవిర్లు ఎండకి కలిసి గాల్లోనే తయారవుతుంది, దాన్ని పట్టుకుందామని వీధులు తిరక్కండి.

ఒక జాగ్రత్త. చలికాలం రాత్రి నేల చల్లబడి కింద చల్లగాలి, పైన వెచ్చగాలి మూతలాగా కూర్చుంటుంది, పొగ పైకి పోలేక కిందే తిరుగుతుంది. కాబట్టి రాత్రి నంబర్ డబల్ అయిందంటే ఎవరో రాత్రి డబల్ పొగ వదిలారని కాదు, అదే పొగ తక్కువ జాగాలో ఇరుక్కుంది. అందుకే పొద్దున 7కి చూసి భయపడ్డ నంబర్ మధ్యాహ్నం 1కి సగం అయిపోతుంది. వాకింగ్‌కి పొద్దున్నే పోవడం ఆరోగ్యం అని మనకి ఎక్కించారు గానీ నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఎండ కాస్త ఎక్కాక పోతేనే మంచిది.

స్టెప్ 3: గాలి ఎటు నుంచి వీస్తుందో చూడండి

ఇది చాలామంది వదిలేస్తారు, అసలు పని అంతా ఇందులోనే ఉంది. బాల్కనీలో ఒక రిబ్బన్ కట్టండి చాలు. లేదంటే వాతావరణం యాప్‌లో గంట గంటకీ గాలి దిక్కు ఉంటుంది. గుర్తుపెట్టుకోవాల్సింది ఏంటంటే ఈశాన్యపు గాలి అంటే ఈశాన్యం నుంచి వచ్చే గాలి, అటు పోయే గాలి కాదు. కాబట్టి గాలి వచ్చే వైపే సోర్స్ ఉంటుంది. ఈశాన్యం ఏదో మన తెలుగోళ్లకి చెప్పక్కర్లేదు, వాస్తు పుణ్యమా అని చిన్నపిల్లలకి కూడా తెలుసు, మొదటిసారి దానికొక పని దొరికింది. హైదరాబాద్‌లో జూన్ నుంచి సెప్టెంబర్ దాకా గాలి ఎక్కువగా పడమర, నైరుతి నుంచి, చలికాలంలో తూర్పు వైపు నుంచి. అందుకే వానాకాలంలో వాసన రాని ఇంటికి డిసెంబర్‌లో వస్తుంది, ఫ్యాక్టరీ కొత్తగా పెట్టింది కాదు.

ఇప్పుడు ఆ ఇద్దరు ముగ్గురు ఫ్రెండ్స్ అవసరం. ఒకే రాత్రి ఒకే వాసన మీకు ఎప్పుడొచ్చింది, వాళ్లకి ఎప్పుడొచ్చింది, అప్పుడు గాలి ఎటు నుంచి. మ్యాప్‌లో మీ ఇంటి నుంచి గాలి వచ్చే వైపు ఒక గీత, వాళ్ల ఇంటి నుంచి ఒక గీత. వేరే వేరే రోజుల గీతలు ఎక్కడ కలుస్తున్నాయో అక్కడికి పోయి చూడండి. శాటిలైట్ వ్యూ పెట్టుకుంటే ఆ జాగాలో ఇటుక బట్టీ ఉందా, స్క్రాప్ గోడౌన్ ఉందా, ఖాళీ ప్లాట్‌లో నల్లమచ్చలు ఉన్నాయా కనిపిస్తుంది. గాలి అసలు లేదు, ఆకు కదలట్లేదు, అయినా పొగ ఘాటుగా ఉందంటే సోర్స్ దూరంలో లేదు, మీ పక్క సందులోనే ఉంది.

వైజాగ్ వాళ్లకి ఇంకా ఈజీ, ఎందుకంటే పగలు గాలి సముద్రం నుంచి, రాత్రి భూమి నుంచి, రోజుకి రెండుసార్లు దిక్కు మారుతుంది. కాకపోతే ఊరు కొండల మధ్య గిన్నెలాగా ఉండటం వల్ల పోర్ట్ బొగ్గు దుమ్ము, రిఫైనరీ, స్టీల్‌ప్లాంట్ పొగ త్వరగా బయటికి పోదు, జ్ఞానాపురం, వన్‌టౌన్ వైపు పొద్దున తుడిచిన గచ్చు మీద సాయంత్రానికి నల్లటి అడుగులు పడతాయి.

అక్టోబర్ ఆఖరు నుంచి డిసెంబర్ దాకా, మళ్లీ ఏప్రిల్, మేలో ఊరంతా ఒకేలా మసక ఉంటే వరి కొయ్యలు కాల్చడం కూడా చూడాలి. కంబైన్ హార్వెస్టర్ కోసిన పొలంలో మోకాటి ఎత్తు కొయ్యకాళ్లు మిగులుతాయి, తర్వాతి పంటకి టైం లేక అంటిస్తారు. నాసా వాళ్ల ఫైర్ మ్యాప్ ఫ్రీగా చూడొచ్చు, ఎర్ర చుక్కలు ఎక్కడున్నాయో చూసి గాలి అటు నుంచే వస్తుందా సరిచూస్కోండి. మీ వీధి చెత్తకుప్ప మంట అందులో కనపడదు, అంత చిన్నది శాటిలైట్‌కి అందదు.

స్టెప్ 4: పొగా, దుమ్మా తేల్చండి

స్టేషన్‌లో గానీ మీటర్‌లో గానీ పీఎం 2.5 ని పీఎం 10 తో భాగించండి. 0.6 దాటిందంటే ఏదో కాలుతుంది: డీజిల్, కట్టెలు, చెత్త, బొగ్గు. 0.4 కంటే తక్కువుంటే దుమ్ము: రోడ్డు, కన్‌స్ట్రక్షన్, క్రషర్. మధ్యలో ఉంటే రెండూ. ఇది ఉరామరి లెక్కే, కానీ ఎవరి మీద కంప్లైంట్ పెట్టాలో తేల్చుకోవడానికి సరిపోతుంది. సల్ఫర్ డయాక్సైడ్ విడిగా పెరిగితే బొగ్గు, ఫర్నేస్ ఆయిల్ లాంటివి కాల్చే ఇండస్ట్రీ. పెట్రోల్ డీజిల్ వల్ల అంత పెరగదు, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 (బండ్ల పొగకి పెట్టిన కొత్త ప్రమాణం) ఇంధనంలో సల్ఫర్ బాగా తగ్గించేశారు. కొన్ని స్టేషన్లు బెంజీన్, టోలీన్ కూడా చూపిస్తాయి, రాత్రుళ్లు టోలీన్ ఎగిరిందంటే సాల్వెంట్లు వాడే యూనిట్ల వైపు చూడాలి.

ముక్కు కూడా మంచి మీటరే. కుళ్లిన గుడ్డు వాసన నాలా నుంచో డ్రైనేజ్ నుంచో. తియ్యగా, తల తిప్పేలా, నెయిల్ పాలిష్ లాంటి వాసన కెమికల్ యూనిట్ సాల్వెంట్. గొంతు పట్టేసే ఘాటు ప్లాస్టిక్. రబ్బరు వాసన, నల్లపొగ టైర్లు. తడి ఆకులు కాలితే తెల్లగా దట్టంగా వస్తుంది. చిమ్నీ మీద తెల్లగా కనిపించిందల్లా పొగ కాదు, బాయిలర్ ఆవిరి అయితే కొంచెం దూరం పోగానే మాయమైపోతుంది, పొగ అయితే గీతలాగా సాగుతూ చాలా దూరం కనిపిస్తుంది. ఇది తెలీక ఆవిరి ఫోటో పెట్టి కంప్లైంట్ ఇస్తే ఆఫీసర్ నవ్వి ఫైల్ మూసేస్తాడు. వాసన గుర్తుపట్టాలని మాత్రం దగ్గరికెళ్లి గట్టిగా పీల్చకండి.

దుమ్ముకి ఒక ఇంటి టెస్ట్. స్టీల్ ప్లేట్‌కి సన్నగా వేజలైన్ రాసి బాల్కనీలో ఒక రోజు పెట్టండి. ఎర్రగా ఉంటే మట్టి, తెల్లబూడిద రంగులో పిండిలా ఉంటే సిమెంట్ లేదా రాతి పొడి, నల్లగా జిడ్డుగా ఉంటే మసి, టైరు అరుగుడు. ఫౌండ్రీలు, వెల్డింగ్ షెడ్ల పక్కన ఉంటే ఊరికే పడిన పొడి మీద కాగితం వేసి అయస్కాంతం తిప్పండి, ఇనుప రజను లేచి వస్తుంది. విజయవాడ ఇబ్రహీంపట్నం వైపు వాళ్లకి ఈ టెస్ట్ అక్కర్లేదు, థర్మల్ స్టేషన్ బూడిద ఎలా ఉంటుందో వాళ్ల డాబాలకే తెలుసు.

స్టెప్ 5: ఊరి మీద పడే ముందు ఇంట్లో చూస్కోండి

ఎంతమందికి కోపం వచ్చినా చెప్పాల్సిందే, తలుపులు మూసి దోమల కాయిల్ వెలిగించి పడుకునే ఇంట్లో బయటి ఏక్యూఐ గురించి మాట్లాడటం వేస్ట్. ఒక కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే పీఎం 2.5 సుమారు 75 నుంచి 137 సిగరెట్లకి సమానం అని 2003లోనే పరిశోధకులు లెక్కేశారు. దోమతెర కట్టండి, కిటికీలకి జాలీ వేయించండి. అగరబత్తులు, సాంబ్రాణి మానేయమని చెప్పి తిట్లు తినే ఓపిక నాకు లేదు గానీ వెలిగించేటప్పుడు కిటికీ తీసి పెట్టండి. పోపు వేసేటప్పుడు, చేపలు వేపేటప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాన్ ముందే ఆన్ చేసి, వంట అయ్యాక కూడా పది నిమిషాలు ఉంచండి. చిమ్నీ కొనేవాళ్లు పైపు బయటికి పోయేది కొనండి, పైపు లేనిది నూనె జిడ్డు పట్టుకుని మిగతా గాలి మళ్లీ మన మొహాన్నే కొడుతుంది. చలికాలంలో కిటికీలు తీయడానికి 11 నుంచి 4 మధ్య బెస్ట్.

స్టెప్ 6: మంటలు ఆపించడం

తక్కువ ఖర్చుతో తొందరగా ఫలితం వచ్చేది ఇదొక్కటే, కాబట్టి ఎక్కువ టైం దీని మీదే పెట్టండి. చెత్త బహిరంగంగా కాల్చడం 2016 ఘన వ్యర్థాల రూల్స్ వచ్చినప్పటి నుంచి నిషేధం. అదే ఏడాది డిసెంబర్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ మామూలుగా కాలిస్తే 5,000, పెద్దమొత్తంలో కాలిస్తే 25,000 రూపాయలు ఫైన్ అని ఆర్డర్ ఇచ్చింది. ఈ నంబర్లు చెప్తే ఫంక్షన్ హాళ్లు, పెద్ద షాపులు వింటాయి. కానీ మీ వీధిలో కాల్చేది ఎవరు? ఊడ్చే అక్క, వాచ్‌మన్ అన్న, ఖాళీ ప్లాట్ పక్క ఇంటాయన. వాళ్ల మీద ఫైన్ తెచ్చి ఏం చేస్తారు, ఎందుకు కాలుస్తున్నారో అడగండి ముందు.

ఊడ్చే అక్క ఎందుకు కాలుస్తుందంటే ఆకులు ఎత్తుకెళ్లే బండి రాదు, కుప్ప అలాగే ఉంటే సూపర్‌వైజర్ తిడతాడు. దానికి జవాబు కాలనీ పార్కులో మూలకి ఇనుప జాలీతో మూడడుగుల వెడల్పు గుండ్రటి తొట్టి, అందులో ఆకులు తొక్కి, పేడనీళ్లో పులిసిన మజ్జిగో చల్లి, తడి ఆరకుండా చూస్తే మూడు నాలుగు నెలల్లో ఎరువు. జాలీకి పెద్ద ఖర్చు కాదు, అసోసియేషన్ మీటింగ్‌లో సమోసాలకి అంతకంటే ఎక్కువ అవుద్ది. వాచ్‌మన్ అన్న మంట వేసేది చలికి, దోమలకి. ఒక రగ్గు, స్వెట్టర్, దోమతెర, వీలైతే చిన్న ఎలక్ట్రిక్ హీటర్ ఇవ్వండి. ఢిల్లీలో చలికాలం యాక్షన్ ప్లాన్‌లోనే కాలనీ సంఘాలు సెక్యూరిటీ వాళ్లకి హీటర్లు ఇవ్వాలని పెట్టారు. ఇక ఖాళీ ప్లాట్ అయితే ఓనర్ ఎవరో కనుక్కుని ఫెన్సింగ్ వేయించాలి, చెత్త పడే చోటు ఉంటే మంట పడుతూనే ఉంటుంది.

భోగి గురించి కూడా ఇక్కడే. పిడకలు, ఎండు దుంగలు వేస్తే ఒక లెక్క, ఇప్పుడు సిటీలో పాత టైర్లు, సోఫాలు, ప్లాస్టిక్ కుర్చీలు వేస్తున్నారు, అదీ తెల్లవారుజామున, గాలి కదలని టైంలో. వీధికి పది మంటల బదులు కాలనీకి ఒకటి అని ముందే మాట్లాడుకుంటే సరదాకి సరదా, ముచ్చట్లకి ముచ్చట్లు.

స్టెప్ 7: కన్‌స్ట్రక్షన్ దుమ్ము

2018 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ దుమ్ము రూల్స్ ఇచ్చింది, గాల్లో దుమ్ము లిమిట్ దాటిన ఊళ్లకి వర్తిస్తాయి. మీ పక్క సైట్‌కి పోయి ఇవి చూడండి: చుట్టూ గాలి ఆపే షీట్లు ఉన్నాయా (బిల్డింగ్ ఎత్తులో మూడో వంతు, గరిష్ఠంగా 10 మీటర్లు), ఇసుక, మట్టి కప్పి ఉన్నాయా, నీళ్లు చల్లుతున్నారా, టైల్స్, రాళ్లు ఆరుబయట కోస్తున్నారా (కోయకూడదు), టిప్పర్ల మీద పట్టా ఉందా, ఏమేం జాగ్రత్తలు తీసుకుంటున్నారో సైట్ ముందు బోర్డు పెట్టారా. చాలా సైట్లలో ఆ బోర్డే ఉండదు. ఫస్ట్ మేస్త్రీతోనో సైట్ ఇంజనీర్‌తోనో మంచిగా మాట్లాడండి, తడి కట్టర్ వాడమనండి, సగం మంది వింటారు. వినకపోతే ఫోటోలు, తేదీ, టైంతో మున్సిపాలిటీ టౌన్ ప్లానింగ్‌కి. మన ఇల్లు రిపేర్ చేయించుకున్నప్పుడు డెబ్రిస్ నాలా పక్కన పోయించే అలవాటు కూడా మానాలి, జీడిమెట్ల, ఫతుల్లాగూడలో రీసైక్లింగ్ ప్లాంట్లు ఉన్నాయి.

రోడ్డు దుమ్ముది వేరే కథ. డివైడర్ పక్కన పేరుకున్న సన్న మట్టిని చీపురుతో ఊడిస్తే గంట తర్వాత మళ్లీ అక్కడే పడుతుంది, తడిపి ఎత్తి తీస్కెళ్లాలి. రోడ్డు అంచుకీ ఫుట్‌పాత్‌కీ మధ్య మట్టి వదిలేసిన చోట గడ్డి గానీ టైల్స్ గానీ వేయించమని కార్పొరేషన్‌కి అర్జీ పెట్టండి. నీళ్లు చల్లే పెద్ద ఫిరంగి బండ్లు ఫోటోలకి బాగుంటాయి, ఎండకి అరగంటలో ఆరిపోతుంది.

స్టెప్ 8: బండ్లు, జనరేటర్లు

పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంటే చాలనుకోకండి. పెట్రోల్ బండికి ఆగి ఉన్నప్పుడు కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు చూస్తారు, డీజిల్‌కి యాక్సిలరేటర్ తొక్కి పొగ నలుపు చూస్తారు, పీఎం 2.5 ఎవరూ కొలవరు. అందుకని సర్వీసింగ్ టైంకి చేయించండి, ఎయిర్ ఫిల్టర్ మార్పించండి, టైర్లలో గాలి చూస్కోండి. బీఎస్-6 డీజిల్ కార్లలో మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది, సిటీలోనే తిప్పితే జామ్ అయి లైట్ వెలుగుతుంది, అప్పుడప్పుడు ఔటర్ రింగ్ రోడ్డు మీద కాసేపు స్పీడ్‌గా తోలితే అది దానంతట అదే కాల్చుకుంటుంది. కొంతమంది మెకానిక్‌లు "తీసేద్దాం సార్, పికప్ బాగుంటది" అంటారు, అస్సలు ఒప్పుకోవద్దు. ఎలక్ట్రిక్ బండి కొంటే పొగ పోతుంది, టైరు, బ్రేకుల దుమ్ము మాత్రం ఉంటుంది, కాబట్టి మెట్రోకీ ఆర్టీసీకీ అది ప్రత్యామ్నాయం కాదు.

మీరు వెంటనే చేయగలిగేది స్కూల్ గేటు. సాయంత్రం వదిలే ముందు బస్సులు, కార్లు ఏసీ కోసం ఇంజన్ ఆన్‌లో పెట్టి వరసగా నిలబడతాయి, పిల్లలు సరిగ్గా సైలెన్సర్ ఎత్తులోనే నడుస్తారు. పేరెంట్స్ మీటింగ్‌లో "గేటు దగ్గర ఇంజన్ ఆఫ్" అని ఒక్క రూల్ పెట్టించండి, పైసా ఖర్చు లేదు.

అపార్ట్‌మెంట్ డీజిల్ జనరేటర్ పైపు ఎక్కడ తేలిందో పైకెళ్లి చూడండి. రూల్ ఏంటంటే బిల్డింగ్ ఎత్తు మీద, కేవీఏ (జనరేటర్ సామర్థ్యం, దాని మీదే రాసి ఉంటుంది) వర్గమూలాన్ని 0.2తో గుణిస్తే వచ్చినన్ని మీటర్లు ఎక్కువుండాలి. 100 కేవీఏ అయితే వర్గమూలం 10, అంటే డాబా కంటే 2 మీటర్లు పైకి. చాలాచోట్ల సెల్లార్ నుంచి మొదటి ఫ్లోర్ కిటికీ పక్కకి వదిలేస్తారు, మొదటి ఫ్లోర్ వాళ్లకి మీటింగ్‌లో ఓట్లు తక్కువ కదా. లిఫ్ట్, కామన్ లైట్లు సోలార్, ఇన్వర్టర్ మీదకి మారిస్తే జనరేటర్ నడిచే గంటలే తగ్గుతాయి.

స్టెప్ 9: ఫ్యాక్టరీ అని తేలితే

ఇక్కడ ఆవేశం పనిచేయదు, రికార్డు పనిచేస్తుంది. స్టెప్ 2లో రాసిన నోట్‌బుక్, స్టెప్ 3లో గీసిన గీతలు ఇప్పుడు పనికొస్తాయి. వాసన వస్తున్నప్పుడే రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి ఫోన్ చేయండి, తెల్లారాక చేస్తే వచ్చేసరికి ఏమీ ఉండదు. కంప్లైంట్ చిన్నగా, ఇలా రాయండి: "మా కాలనీలో ఫలానా తేదీల్లో రాత్రి 1 నుంచి 3 మధ్య సాల్వెంట్ వాసన వచ్చింది, అప్పుడు గాలి వాయవ్యం నుంచి, ఇన్ని ఇళ్ల వాళ్లు గమనించారు, మ్యాప్ జత చేశాం, ఆ టైంలో తనిఖీ చేసి రిపోర్ట్ కాపీ ఇవ్వగలరు." పేరు తెలిస్తే యూనిట్ పేరు రాయండి, ఖాయంగా తెలీకపోతే దిక్కు, దూరం మాత్రమే రాయండి, లేకపోతే తప్పు కంపెనీని ఇరికించిన వాళ్లవుతారు.

నెల దాటినా ఉలుకు పలుకు లేకపోతే సమాచార హక్కు దరఖాస్తు, 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అడగాల్సింది ఆ యూనిట్‌కి ఇచ్చిన సీఎఫ్ఓ కాపీ, అంటే నడపడానికి మండలి ఇచ్చిన అనుమతి. చిమ్నీ ఎత్తు ఎంత, ఏ ఇంధనం కాల్చాలి, ఎంత వరకు వదలొచ్చు అన్నీ అందులో ఉంటాయి. దానితో పాటు చివరి తనిఖీ రిపోర్ట్ కూడా అడగండి. సోమవారం కలెక్టరేట్‌లో ఇక్కడ ప్రజావాణి, ఆంధ్రాలో గ్రీవెన్స్, అక్కడ ఇస్తే నంబర్ పడుతుంది, ఆ నంబర్ దాచుకోండి.

స్టెప్ 10: ఈలోపు మనల్ని మనం కాపాడుకోవడం

మాస్క్ అంటే ఎన్95, మొహానికి అతుక్కోవాలి, కర్చీఫ్, చున్నీ దుమ్ము కొంచెం ఆపుతాయేమో గానీ పొగని ఆపవు. ప్యూరిఫయర్ కొనేముందు దాని మీద సీఏడీఆర్ అని ఒక నంబర్ ఉంటుంది చూడండి, గంటకి ఎన్ని ఘనపు మీటర్ల శుభ్రమైన గాలి ఇస్తుందో చెప్పేది. గది పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి ఘనపు మీటర్లలోకి మార్చి 5తో గుణించండి, 12 బై 12 గది, పదడుగుల ఎత్తు అయితే దగ్గర దగ్గర 200 రావాలి. హెపా ఫిల్టర్ (సన్న కణాల్ని కూడా పట్టేది) ఉన్నది తీస్కోండి, ఓజోన్ వదిలే అయొనైజర్లు వద్దు. ఫిల్టర్ మార్చే ఖర్చు ముందే కనుక్కోండి, అసలు దెబ్బ అక్కడే. ఆస్తమా ఉన్నవాళ్లు, పసిపిల్లలు, ముసలివాళ్లు పడుకునే గదికి ఒకటి చాలు.

మొక్కలు పెంచుకోండి, బాగుంటాయి, కానీ మనీప్లాంట్ గాలి శుభ్రం చేస్తుందని మాత్రం కొనకండి. ఆ మాట 1989లో నాసా వాళ్లు సీల్ చేసిన చిన్న పెట్టెలో చేసిన ప్రయోగం నుంచి వచ్చింది, 2019లో ఆ లెక్కలన్నీ మళ్లీ చూస్తే మామూలు గదిలో కిటికీ తీసినంత ఫలితం రావాలంటే చదరపు మీటర్‌కి 10 నుంచి 1000 మొక్కలు కావాలని తేలింది. అడవిలో పడుకోవాలి ఇంక. స్మాగ్ టవర్ కూడా అంతే, 2021లో ఢిల్లీ కన్నాట్ ప్లేస్‌లో పెట్టింది చుట్టూ కొద్ది దూరానికి మించి పెద్దగా ఏం చేయలేకపోయింది, మీ కార్పొరేటర్ అలాంటిది పెడతానంటే ఆ డబ్బుతో చెత్త బండి ఇంకోటి తిప్పమనండి.

స్టెప్ 11: తగ్గిందా లేదా చూడటం

జనవరిలో కొలిచి జూలైలో మళ్లీ కొలిచి సగానికి తగ్గిందని కేక్ కట్ చేయకండి, తగ్గించింది వాన. జనవరిని వచ్చే జనవరితో పోల్చాలి, పొద్దున 6ని పొద్దున 6తోనే పోల్చాలి. మీటర్ ఉంటే ఇంకో చిట్కా, మీ రీడింగ్ నుంచి అదే గంటకి దగ్గర్లోని స్టేషన్ రీడింగ్ తీసేయండి. ఊరంతా పెరిగితే రెండూ పెరుగుతాయి, తేడా మారదు. మీ వీధి మంట ఆగితే తేడా తగ్గుతుంది, మీరు చేసిన పని ఫలితం ఆ తేడాలోనే కనిపిస్తుంది. దీపావళి, భోగి, వాన పడ్డ రోజు, ఈదురుగాలి వచ్చిన రోజు లెక్కలోంచి తీసేయండి. తేడా తగ్గకపోతే సోర్స్ తప్పు పట్టుకున్నట్టే, మళ్లీ రిబ్బన్ దగ్గరికి వెళ్లి గీతలు ఇంకో దిక్కు నుంచి గీయండి.